బోర్డు వెనక సందు ఏదండీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ పత్రిక ఇళ్ళ పేజీలో, తయారుగా వచ్చిన పలకల్ని బిగించి కట్టే ప్యానెల్ ఇళ్ళ గురించి వేసిన వ్యాసం చదివాను. ఇసుక బెంగ లేదు, క్యూరింగ్ గొడవ లేదు, చూస్తూ ఉండగానే గృహప్రవేశం, లోపల చల్లగా ఉంటుంది అని రాశారు. అవన్నీ నిజమే, కాదనను. ప్యానెల్ మందం ఎంతో, ఏసీ ఖర్చు ఎలా తగ్గుతుందో కూడా వివరంగా ఇచ్చారు. కానీ బయట బిగించే బోర్డుకీ, దాని వెనక ఉన్న చెక్క గోడకీ మధ్య సందు, అంటే కాస్త ఖాళీ, వదలాలా అక్కర్లేదా అన్న సంగతి ఒక్క వాక్యంలోనైనా లేదు. మన గోదావరి వానల్లో చెక్క ఫ్రేము ఇల్లు నిలుస్తుందా పుచ్చుతుందా అన్నది చాలావరకు ఆ ఖాళీ మీదే ఆధారపడి ఉంది. అందుకని ఈ ఉత్తరం. కాస్త పెద్దదైనా కత్తిరించకుండా వేస్తారని ఆశ.

నాది రాజోలు వైపు. మా నాన్నగారు వడ్రంగి మేస్త్రి. నేను కాకినాడలో ఎల్‌సీఈ, అంటే పాతకాలం సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా, చదివి, ఇళ్ళ ప్లాన్లు గీసుకుంటూ, పనులు చూసుకుంటూ బతికాను. ఇప్పుడు సైటుకు వెళ్ళడం తగ్గించినా, ఏదైనా తేడా వస్తే పిలుస్తూనే ఉంటారు.

ఈ ఇళ్ళు మన దగ్గర ఎందుకు పెరుగుతున్నాయో అర్థం చేసుకోవచ్చు. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద బరువైన ఇల్లు లేపాలంటే పునాది దగ్గరే చేతిచమురు వదులుతుంది. పాత శ్లాబు మీద పిల్లలకో గది వేద్దామంటే ఇటుక గోడ బరువు మొయ్యలేని శ్లాబులు బోలెడు. అలాంటి చోట తేలికపాటి ప్యానెల్ నిజంగా పనికొస్తుంది. రొయ్యల చెరువుల గట్ల మీద కాపలా గదులు, రిసార్టుల్లో చెక్క కాటేజీలు, విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలకు కట్టించే చిన్న ఇళ్ళు అన్నీ ఇటే వస్తున్నాయి. రావద్దని నేను అనడం లేదు.

మా బంధువు ఒకాయన వశిష్ఠ గోదావరి గట్టుకు దగ్గరలో ఇలాంటి ఇల్లే కట్టించుకున్నాడు. పైన్ చెక్క ఫ్రేము, రెండు ఓఎస్‌బీ బోర్డుల (చెక్క పేళ్ళను జిగురుతో అదిమి చేసినవి) మధ్య థర్మకోల్ పెట్టిన ప్యానెళ్ళు, వాటి మీద నేరుగా స్క్రూలతో బిగించిన సిమెంటు ఫైబర్ బోర్డు, ఆ పైన టెక్స్చర్ పెయింటు. కట్టిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇల్లు చూడ్డానికి ముచ్చటగా ఉండేది, ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి వెళ్ళేవారు. రెండో ఏడు వానాకాలంలో తూర్పు కిటికీ కింద మూల రంగు బుడగలు కట్టింది. కంపెనీ మనిషి వచ్చి గీకి, పుట్టీ పెట్టి, మళ్ళీ రంగేసి వెళ్ళాడు. దీపావళి దాటాక వచ్చిన వాయుగుండానికి అదే చోట మళ్ళీ బుడగలు. అప్పుడు నన్ను పిలిచారు.

బోర్డు విప్పించాను. కొన్ని స్క్రూలు తుప్పు పట్టి తలలు ఊడిపోయాయి. వెనక ఉన్న ఓఎస్‌బీని వేలితో నొక్కితే నానిన అటుకుల్లా పొరలు పొరలుగా చేతికొచ్చింది. తడి మరక కిటికీ చట్రం కింది మూలలో మొదలై, దిగేకొద్దీ వెడల్పై, అడుగున ఫ్రేము నిలబడే చెక్క నేల పట్టీ దగ్గర గోడ పొడవునా పాకింది. ఆ పట్టీలో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. థర్మకోల్ నిండా చెదల దారులు. చెద థర్మకోల్‌ని తిని బతకదు కానీ అందులో సొరంగాలు తవ్వుకుని, మన కంటపడకుండా చెక్క దాకా హాయిగా వెళ్తుంది. ఇంత జరుగుతున్నా గది లోపలి నుంచి చూస్తే గోడ మీద ఒక్క మచ్చ లేదు. కట్టించుకున్నవాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి!

నీళ్ళు వచ్చింది కిటికీ చట్రం పక్కన సిలికాన్ అతుకు విడిన చోటి నుంచి. కంపెనీవాళ్ళు నేరమంతా ఆ సిలికాన్ మీదకు నెట్టారు. ఎండకూ వానకూ సిలికాన్ విడవడం వింత కాదు, ఏ అతుకైనా ఎప్పుడో ఒకప్పుడు విడుస్తుంది. విడిచిన రోజున లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావడానికి దారి ఉందా అన్నదే ప్రశ్న. రెండు బోర్డులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే మధ్యలో చేరిన పల్చటి నీటి పొర కిందికి జారదు, ఆరదు. బోర్డులు దాన్ని అలా పట్టుకునే ఉంటాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి అక్కడే తిష్ఠ వేస్తే కుళ్ళు మొదలవుతుంది. అదే ఆ రెండింటి మధ్య 20 మి.మీ. మందం నిలువు రీపర్లు (సన్నటి చెక్కపట్టీలు) కొట్టి, వాటి మీద బోర్డు బిగించి ఉంటే? బోర్డు వెనకకు చేరిన నీళ్ళు బోర్డు వెనకవైపే జారి, అడుగు నుంచి బయటపడేవి. ఓఎస్‌బీ మీద వేసే, నీటిని ఆపే పొరకు తుంపర్లు తగిలినా గాలికి ఆరిపోయేవి.

"సందులెందుకండీ, గట్టిగా సీలు చేస్తే చాలు" అని ఆ కంపెనీ ఇంజనీరు నాతో వాదించాడు. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కగట్టే మన దేశ కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో మన కోస్తాకు ఇచ్చిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. ఆ వేగానికి గోడ మీద ఒత్తిడి కోడ్ సూత్రం ప్రకారం సుమారు 1500 పాస్కల్స్ వస్తుంది. నీటిలో చెప్పాలంటే 15 సెం.మీ. ఎత్తు. అంటే సన్నటి చీలిక దొరికితే ఆ గాలి నీటిని అంత ఎత్తు పైకి కూడా నెట్టగలదు. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో ఉన్నవాళ్ళకు ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి కాసేపటికి ఇంకో దిక్కుకు తిరిగింది. కిటికీ రెక్కల సందుల్లోంచి నీళ్ళు ఇంట్లోకి చిమ్మాయి. తుపాను గాలికి నాలుగు గోడలూ ఎదురు గోడలే. బోర్డు వెనక సందు బయటి గాలికి తెరిచి ఉంటే బోర్డుకు ముందూ వెనకా ఒత్తిడి ఇంచుమించు ఒకటవుతుంది, నీటిని లోపలికి తోసే బలం తగ్గిపోతుంది. సిలికాన్ ట్యూబులు ఎన్ని ఖాళీ చేసినా ఈ పని జరగదు.

ఇది నేను కనిపెట్టిన సిద్ధాంతమేమీ కాదు. మా అమ్మాయి న్యూజిలాండ్‌లో, ఆక్లండ్‌లో ఉంటుంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఎదురు స్థలంలో ఇల్లు కడుతుంటే తెల్లారితే నాకదే కాలక్షేపం. ఫ్రేము లేచింది, దాని మీద నీటిని ఆపే పొర చుట్టారు. ఆ పొర మీద నిలువుగా రీపర్లు, అడుగున చిన్న చిన్న బొక్కలున్న ప్లాస్టిక్ పట్టీ, ఆ తర్వాతే బయటి పలకలు. బొక్కలు 3 నుంచి 5 మి.మీ. మాత్రమే, నీళ్ళు వస్తాయి కానీ ఎలుక దూరదు. అక్కడి వడ్రంగిని అడిగితే, ఇది లేకపోతే ఇన్‌స్పెక్టరు పని ముందుకు సాగనివ్వడన్నాడు.

అక్కడ ఆ కట్టుబాటు ఊరికే రాలేదు. 1990లలో ఆ దేశంలో చూరు లేని, చదును పైకప్పు ఇళ్ళ ఫ్యాషన్ వచ్చింది. ఫ్రేము మీద నేరుగా బోర్డు, దాని మీద ప్లాస్టరు. దానికి తోడు మందు పట్టించని పైన్ చెక్కను ఫ్రేములకు వాడనిచ్చారు. వేల ఇళ్ళు లోలోపల కుళ్ళాయి. 2002లో విచారణ నివేదిక, బాధితుల కోసం ప్రత్యేక చట్టం వచ్చాయి. ఆ తర్వాత నియమాలు మార్చారు. ఇప్పుడు ఇంటి ప్రతి ముఖానికీ ప్రమాదం మార్కులు వేస్తారు. గాలి తాకిడి ఎంత, అంతస్తులెన్ని, చూరు ఎంత బయటికి ఉంది, పైకప్పు గోడకు తగిలే చోట ఎలా ఉంది, బాల్కనీ ఉందా లేదా, ఇవీ లెక్క. బయటి బోర్డు రకాన్ని బట్టి మార్కులు హద్దు దాటితే 20 మి.మీ. సందు పెట్టి తీరాలి. కెనడాలో వాంకూవర్ అపార్టుమెంట్లకూ అదే కాలంలో ఇదే గతి పట్టింది. 1998లో కమిషన్ వేశారు. అక్కడ ఇప్పుడు తడి ప్రాంతాల్లో 10 మి.మీ. ఖాళీ అడుగుతారు. పైగా అదే జాతి న్యూజిలాండ్ పైన్ మన దేశానికీ దిగుమతి అవుతోంది. మందు పట్టించిందా లేదా అని డిపోలో అడిగేవాళ్ళు ఎంతమంది ఉన్నారు?

ఆ మార్కుల్లో చూరుకు ఇచ్చిన విలువ చూసి నాకు మా మండువా ఇళ్ళు గుర్తొచ్చాయి. వాటికి సందులూ గిందులూ లేవు. మట్టి గోడలే. అయితే బంగాళాపెంకు చూరు గోడను దాటి బాగా బయటికి వచ్చేది, కింద పంచ, దానికి ఎత్తు అరుగు. జడివాన కూడా గోడను తడిపేది తక్కువ. మా నాన్నగారు దూలాల కొసలకు జీడినూనె పట్టించనిదే పైకి ఎత్తనిచ్చేవారు కాదు. ఇప్పుడు ఎలివేషన్ పేరుతో చూరు తీసేశాం, సన్‌షేడ్ కూడా అందం చెడగొడుతుందంటున్నారు. వాన మొత్తం గోడ మీదే. చూరు పెట్టండి, లేదా సందు పెట్టండి. నన్నడిగితే మన దగ్గర రెండూ పెట్టాలి.

ఇంకో సరదా కూడా మొదలైంది. ప్యానెల్ ఇల్లంటే జనం చులకనగా చూస్తారని, బయట సగం ఇటుక మందం గోడ కట్టించుకుంటున్నారు. తప్పేం లేదు కానీ ఇటుక వాననీటిని పీలుస్తుందని మరిచిపోకూడదు. చెక్క ఫ్రేము ముందు ఇటుక గోడ కడితే మధ్యలో 50 మి.మీ. శుభ్రమైన ఖాళీ ఉండాలని బ్రిటన్‌లో నియమం. శుభ్రంగా ఉండడం ఇక్కడ ముఖ్యం. తాపీమేస్త్రి ఇటుక అదిమినప్పుడల్లా సిమెంటు మాలు లోపలి వైపు జారుతుంది. అది అడుగున పేరుకుంటే ఇటుక తడి ఆ మాలు మీదుగా చెక్కకు ఎక్కుతుంది, ఖాళీ ఉన్నా లేనట్టే. దీనికి పాత పద్ధతి ఒకటుంది. ఖాళీ వెడల్పుకు సరిపడా చెక్కపట్టీని తాడు కట్టి లోపల వేలాడదీసి, కొన్ని వరసలకోసారి పైకి లాగి పడ్డ మాలు తీసేయాలి. మన మేస్త్రీలు విసుక్కుంటారు, అయినా చేయించాలి. అడుగు వరసలో 1.5 మీటర్లకు మించకుండా నిలువు అతుకుల్ని మాలు లేకుండా వదిలేయాలి. కిటికీ పైన కూడా అంతే, అక్కడ లోపలి నీటిని బయటికి మళ్ళించే రేకు ముందే పెట్టుకోవాలి. ఇటుకను ఫ్రేముకు పట్టి ఉంచే కమ్మీలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. జింకు పూత పూసిన మామూలు జీఐ తీగ మన ఉప్పుగాలికి ఎంతకాలం నిలుస్తుందో సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది, ఓడలరేవు వాళ్ళనడగండి.

"ఇక్కడ గాలే తడిగాలి, సందు పెడితే ఏం ఆరుతుంది?" అని ఒక ఆర్కిటెక్టు కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. సందు మొదటి పని నీటిని కిందికి దించడం. ఆరబెట్టడం రెండోది. ముసురు రోజుల్లో ఆరడం నెమ్మదే. కానీ ఎండ తగలగానే బోర్డు వేడెక్కి, వెనకున్న గాలి కదులుతుంది. అడుగున మాత్రమే కాక పైనా కాస్త తెరిచి ఉంటే ఇంకా బాగా కదులుతుంది.

దీనికి ముడిపడిన తిరకాసు ఒకటి ఏసీ. చలిదేశాల బొమ్మల్లో గోడ లోపలివైపు పాలిథీన్ పొర చూపిస్తారు. అక్కడ ఇంట్లోని వెచ్చని ఆవిరి బయటికి పోకుండా ఆపడానికి అది. మన దగ్గర ఆవిరి ప్రయాణం ఎక్కువగా బయటి నుంచి లోపలికి. 32 డిగ్రీల ఎండలో 80 శాతం తేమ ఉంటే ఆ గాలి సుమారు 28 డిగ్రీల దగ్గరే నీరు కక్కుతుంది. లోపల ఏసీ 24 మీద నడుస్తోంది. ఆ ఆవిరి గోడలోకి చొరబడి చల్లటి పాలిథీన్‌ను తాకితే దాని వెనకే నీరై కూర్చుంటుంది. పడకగదిలో మోజుపడి అంటించే వినైల్ వాల్‌పేపర్ కూడా ఇదే పని చేస్తుంది. నెట్‌లో దొరికిన విదేశీ బొమ్మను ఉన్నదున్నట్టు దించేవాళ్ళు ఈ ఒక్కటీ చూసుకోవాలి. ఆవిరిని ఆపే పొర మన ఇళ్ళకు బయటివైపే ఉండాలి.

అలాగని ప్రతి ప్యానెల్‌కీ సందు పెట్టమని కాదు. రెండు వైపులా రంగు రేకులుండి మధ్యలో పఫ్ (గట్టిపడిన నురుగు) నింపిన ప్యానెల్ వేరు. రేకు నీళ్ళు పీల్చదు. దానికి ప్రాణం అతుకుల్లోనూ, కోసిన అంచుల్లోనూ, అడుగున కూర్చోబెట్టే యూ ఆకారం రేకులోనూ ఉంటుంది. ఆ రేకులో నీళ్ళు నిలవకుండా బొక్కలు పెట్టాలి, కోసిన ప్రతి అంచుకూ రంగు పూయాలి. చెరువు గట్టు మీద, నీళ్ళను చిలికే ఏరేటర్ల ఉప్పు తుంపర ఎగిరే చోట ముందు తుప్పు పట్టేది ఆ అంచే. చెక్క, ఓఎస్‌బీ ఉన్న గోడలకు మాత్రం సందు లేకుండా ఒప్పుకోవద్దు.

సందు పెట్టామని చెప్పి పాడుచేసినవీ చూశాను. రీపర్లు అడ్డంగా కొట్టారు ఒకచోట, ప్రతి రీపరూ నీటికి గట్టు. ఇంకోచోట నిలువుగానే కొట్టి, చివర్లో అందం కోసం అడుగు మొత్తం సిమెంటుతో మూసేశారు. అడుగున మెష్ (సన్న జాలీ) లేకుండా వదిలేస్తే బల్లులు, చీమలు, ఎలుకలు, వాటి వెనకాలే పాములు. బోర్డు అడుగు నేలకు కనీసం 150 మి.మీ. పైన ఉండాలి, ఆ ఎత్తు పూలకుండీలతో, మట్టితో కప్పెయ్యకూడదు. చెద ఎక్కుతుంటే కనబడేది అక్కడే.

మంట సంగతి దాచకూడదు. ఖాళీలో మంట పడితే పైకి లాక్కుపోతుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. మండే ప్యానెళ్ళూ, వాటి వెనక ఖాళీలో సరిగ్గా లేని అడ్డుపట్టీలూ అక్కడ మంటను పైపైకి ఎక్కించాయి. కాబట్టి రెండంతస్తుల ఇంటికి అంతస్తు దగ్గర మంట అడ్డుపట్టీ కావాలి. అది నీటి దారి మూయని రకం అయ్యుండాలి. కరెంటు వైర్లు మాత్రం ఆ సందులోంచి లాగొద్దు.

లంక గ్రామాలవాళ్ళకు విడిగా ఒక మాట. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 70 అడుగులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఏ సందూ అంత నీటికి జవాబు కాదు. అరుగు మట్టం తెలిసిన వరద మట్టానికి పైన లేకపోతే అక్కడ చెక్క ఇల్లు కట్టవద్దనే నా సలహా.

ఇక ప్రభుత్వం సంగతి. కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ కొత్తరకం నిర్మాణ పద్ధతులకు పనితీరు ధ్రువపత్రాలు ఇస్తోంది. ఇండోర్‌లో కొత్త పద్ధతులకు నమూనాగా కేంద్రం చేపట్టిన లైట్‌హౌస్ ప్రాజెక్టు అపార్టుమెంట్లు శాండ్‌విచ్ ప్యానెళ్ళతోనే కట్టారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో కలపకు ప్రత్యేక విభాగం ఉంది. కానీ మన ఊళ్ళో అనుమతికి పెట్టే ప్లానులో గదులు, చుట్టూ వదలాల్సిన స్థలం, సెప్టిక్ ట్యాంకు చూస్తారు. గోడ లోపల ఏముందో ఎవరూ అడగరు. చెక్క, ప్యానెల్ ఇళ్ళకు గోడను నిలువునా కోసినట్టు చూపే బొమ్మ ఒకటి, పునాది నుంచి చూరు దాకా, ప్లానుతో పాటు జతచేయమనడం పెద్ద పనేం కాదు. కోస్తా జిల్లాలకు సరిపోయే నమూనా బొమ్మను ఇంజనీరింగ్ కాలేజీలవాళ్ళో, హౌసింగ్ శాఖో గీసి ఇస్తే ఇంకా మేలు. మీరు మీ ఇళ్ళ పేజీలో అలాంటి బొమ్మ ఒకటి అచ్చువేసినా చాలామంది కత్తిరించి దాచుకుంటారు.

అంతవరకు కట్టించుకునేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. బయటి బోర్డు బిగించాక, పై అంచు మూయకముందే, నిచ్చెనెక్కి ఆ సందులో బకెట్టు నీళ్ళు పోయించండి. మామూలు గోడ దగ్గర పోసినవి అడుగున మెష్‌లోంచి, కిటికీ నెత్తిన పోసినవి అక్కడి రేకు మీదుగా బయటికి కారాలి. కారకపోతే ఆఖరి వాయిదా ఇవ్వకండి.

ఇట్లు,
ఒక పాత ఎల్‌సీఈ,
రాజోలు
(పేరు ప్రచురించవద్దని మనవి)